సొంత పొలంలో గురి చూసి కాల్చుకుంటుంటే పక్కాయన షెడ్డు రేకుకి చిల్లు. నా తూటాయేనా?

పన్నెండెకరాలు
ఊరికి దూరంగా పన్నెండెకరాలుంది నాకు. లైసెన్సు ఉంది, .22 రైఫిల్ (చిన్న తూటాది) ఉంది. సొంత నేలలో టార్గెట్లు కాల్చుకోవడానికి మా దగ్గర చట్టం అడ్డు రాదని ముందే కనుక్కున్నాను. రెండేళ్లుగా ఆదివారం పొద్దున ఒక గంట, కాగితం టార్గెట్లు, 50 మీటర్లు. ఏ గొడవా లేదు. మొన్న పక్క పొలం పెద్దాయన వచ్చి అరచేతిలో ఒక సీసపు ముద్ద పెట్టి చూపించాడు. ఆయన మోటారు షెడ్డు రేకుకి చిల్లు పడిందట, లోపల నేల మీద ఇది దొరికిందట. "నీదేనా?" అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. నేను కాదనే చెప్పాను. ఎందుకంటే నేను కాల్చేది ఉత్తరం వైపు, ఆయన షెడ్డు ఈశాన్యం మూల. మధ్యలో చెట్ల వరస ఉంది. అసలు అంత దూరం .22 పోతుందా? వేటకొచ్చినవాళ్లెవరో కాల్చి ఉంటారని నా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి.

గురితప్పినోడు
రెండేళ్లుగా కాగితానికి తగలని తూటాలన్నీ ఎక్కడ చేరుతున్నాయో ఇవాళ తెలిసింది.

మట్టికట్ట
షెడ్డు ఎంత దూరం? టార్గెట్ వెనక ఏముంది? టార్గెట్ ఎంత ఎత్తులో పెడతారు? రేకుకి పడిన చిల్లు గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? చివరిది ముఖ్యం. అది చూడకుండా వేటగాళ్ల మీదకి తోసేయకండి.

పన్నెండెకరాలు
దూరం కొలవలేదు, ఆరేడొందల మీటర్లుంటుంది. టార్గెట్ వెనక నేల మెల్లగా ఎత్తెక్కుతుంది, ఆ పైన చెట్లు. టార్గెట్ మోకాలెత్తు, నేను పడుకుని కాలుస్తాను. చిల్లు చూడలేదు. చూడ్డానికి వెళ్తే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని ఆగాను.

పొరుగింటివాడు
వెళ్లకపోతే దాక్కున్నట్టు అవుతుంది. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు, మా పక్కన కాల్చేవాళ్లున్నారు కాబట్టే ఈ చర్చలు చదువుతుంటాను. ఆ పెద్దాయన ముద్ద చేతిలో పెట్టుకుని నేరుగా మీ దగ్గరికే వచ్చాడు, పోలీసుల దగ్గరికి పోలేదు. ఆ మర్యాద ఎన్నాళ్లో ఉండదు.

రూల్స్_రామం
కాల్చుకోవడానికి అనుమతి ఉండటం వేరు, తూటా సరిహద్దు దాటడం వేరు. రోడ్డుకి ఎంత దూరం, ఇళ్లకి ఎంత దూరం అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గానీ, పక్కవాడి నేలలో తూటా పడితే "నా పొలంలోంచే కాల్చాను" అన్న మాట ఎక్కడా నిలబడదు. వెళ్లి చూడండి, కానీ "నాదే" అని కాగితం మీద రాసివ్వకండి. ముందు లాయరుతో ఒక మాట మాట్లాడండి. ఇన్సూరెన్సు ఉంటే దాన్లో ఇలాంటివి వస్తాయో లేదో కూడా చదువుకోండి.

పొరుగింటివాడు
చిల్లు పడింది ఒక రేకుకి. దానికి లాయరా? గోటితో పోయేదానికి గొడ్డలి తెమ్మంటున్నారు.

రూల్స్_రామం
ఇవాళ రేకు. రేపు దాని పక్కన మనిషి ఉండి ఉంటే? అప్పుడు గొడ్డలి కూడా చాలదు.

లెక్కలమాస్టారు
"అంత దూరం పోతుందా" అన్నదానికి జవాబు: హాయిగా పోతుంది. .22 లాంగ్ రైఫిల్ తూటా బరువు సుమారు 2.6 గ్రాములు, చూడ్డానికి బఠాణీ గింజంత. కానీ పైకెత్తి కాలిస్తే దాదాపు 2.4 కిలోమీటర్లు పోతుంది. తూటాల పెట్టె మీద మైలున్నర అని హెచ్చరిక వేస్తారు, మనం చదవం. పెద్ద రైఫిల్ తూటాలైతే నాలుగైదు కిలోమీటర్లు.

ఇంకో లెక్క. గొట్టం ఒక్క డిగ్రీ పైకి లేస్తే 50 మీటర్ల దగ్గర తూటా 87 సెంటీమీటర్లు ఎత్తున పోతుంది, 100 మీటర్ల దగ్గర 1.75 మీటర్లు. ఒక డిగ్రీ అంటే మోచేయి కింద చిన్న రాయి కదిలినంత. మీ టార్గెట్ మోకాలెత్తు అన్నారు. చెయ్యి కదిలినప్పుడల్లా అది నడుము దాటి, ఎద మీదుగా పోయి ఉంటుంది.

పన్నెండెకరాలు
చెట్లున్నాయి కదా మాస్టారూ.

లెక్కలమాస్టారు
చెట్ల మధ్య సందులు కూడా ఉన్నాయి కదా. తూటా వెడల్పు 6 మిల్లీమీటర్లు కూడా లేదు. పైగా గుండ్రటి మొదలుకి అంచున తగిలితే పక్కకి తిరిగి పోతుంది. చెట్టుని అడ్డు అనుకోకూడదు.

గురితప్పినోడు
అర్జునుడికి చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పిట్ట కన్ను ఒక్కటే కనబడింది. ద్రోణుడు మెచ్చుకున్నాడు. ఇక్కడేమో మాస్టారు చెట్టు కూడా చూడమంటున్నారు, చెట్టు అవతల షెడ్డు కూడా చూడమంటున్నారు.

మట్టికట్ట
జోకు బాగుంది గానీ అది నిజంగానే తిరగేసి చదువుకోవాల్సిన కథ. తుపాకీ విషయంలో అమెరికా శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు సూత్రాల్లో నాలుగోది అదే: నీ టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో రెండూ తెలియాలి. బాణం గుచ్చుకుని ఆగుతుంది. తూటాకి కాగితం అడ్డే కాదు, దాని ప్రయాణం అక్కడ మొదలవుతుంది.

ఎయిర్‌గన్_అత్తయ్య
దశరథుడి సంగతి మరిచిపోయారా? చప్పుడు విని బాణం వేశాడు, అవతల కుండ ముంచుతున్న పిల్లవాడు. మా మేనకోడలికి నేను మొదట చెప్పిన పాఠం అదే. "కనబడిందాకా కాల్చకు" అని.

పన్నెండెకరాలు
ఇవాళ వెళ్లి చూశాను. చిల్లు కోలగా ఉంది. నా బొటనవేలి గోరంత పొడవు, దాంట్లో సగం వెడల్పు. అంచులు లోపలికి వంగి ఉన్నాయి, కింది అంచుకి సన్నటి బూడిదరంగు గీత. పెద్దాయన పక్కనే నిలబడి ఏమీ మాట్లాడలేదు. దూరం కూడా కొలిచాను, 640 మీటర్లు.

మట్టికట్ట
అయితే వేటగాళ్లని వదిలేయండి.

నేరుగా వచ్చిన తూటా ముక్కు ముందుకి పెట్టి తిరుగుతూ వస్తుంది, చిల్లు గుండ్రంగా పడుతుంది. ఎక్కడో తగిలి ఎగిరిన తూటా అదుపు తప్పి దొర్లుకుంటూ వస్తుంది, అడ్డంగా తగులుతుంది. అందుకే కోల చిల్లు. అంటే ఇది ముందు దేనికో తగిలింది. ఆ తర్వాత మీరు కాల్చిన దిక్కే పోతుందన్న గ్యారంటీ లేదు, పక్కకి తిరగడం మామూలే. ఉత్తరానికి కాల్చింది ఈశాన్యంలో తేలడంలో వింతేమీ లేదు.

మీరు రాసిన వర్ణనలో నన్ను భయపెట్టింది "నేల మెల్లగా ఎత్తెక్కుతుంది" అన్న ముక్క. అందరూ అదేదో రక్షణ అనుకుంటారు. చిన్నప్పుడు చెరువు మీద పెంకు పల్చగా విసిరితే కప్పలా గెంతుకుంటూ పోయేది కదా, అదే సంగతి. గట్టి నేల, రాయి, నీళ్లు, ఏదైనా సరే, తూటా ఏటవాలుగా తక్కువ కోణంలో తగిలితే దిగబడదు, గెంతుతుంది. నీళ్లు మెత్తనివే కదా అనుకునేవాళ్లు చాలామంది, అది ఇంకా మోసం. మీరు పడుకుని, మోకాలెత్తు కాగితానికి కాలుస్తున్నారు. కాగితం దాటిన తూటా వెనక కొన్ని మీటర్ల దూరంలో నేలని రాసుకుంటూ తగులుతుంది. అంటే టార్గెట్‌కి సరిగ్గా తగిలినవే గెంతుతున్నాయి. తప్పిపోయిన వాటి గొడవ వేరే.

ఒక పని చెయ్యండి. టార్గెట్ వెనక నుంచి చెట్ల దాకా తల వంచుకుని నడవండి. నేల మీద గీతలు కనబడతాయేమో చూడండి.

గురితప్పినోడు
అంటే నాలాగా తప్పిపోయేవాళ్లే పొరుగువాళ్లకి నయమన్నమాట.

మట్టికట్ట
మీవి 2.4 కిలోమీటర్లు పోతున్నాయి బాబూ, ఆ ఊరివాళ్లని అడగాలి.

క్లేపిట్ట
నేను షాట్‌గన్ మనిషిని, ఎగిరే క్లేలు, అంటే గాల్లోకి విసిరే చిన్న పళ్లెం లాంటి టార్గెట్లు కాలుస్తాను. మా గుండ్లు చిన్నవి, త్వరగా నెమ్మదిస్తాయి. క్లేలకి వాడే ఏడున్నర నంబరు సైజు గుండు సుమారు 200 మీటర్లలో పడిపోతుంది. అందుకే మాకు టార్గెట్ వెనక మట్టికట్ట అక్కర్లేదు, కానీ ముందు 275 మీటర్ల దాకా మనిషి, రోడ్డు, ఇల్లు లేకుండా ఖాళీ కావాలి. ఒంటి తూటావాళ్లకి కట్ట కావాలి, మాకు మైదానం కావాలి. పన్నెండెకరాలు చదరంగా ఉన్నా ఒక పక్క 220 మీటర్లే వస్తుంది, కాబట్టి మీ పొలంలో ఈ ఆట మొదలుపెట్టకండి.

పశువులడాక్టరు
క్లేపిట్ట గారూ, మైదానం ఖాళీ అంటున్నారు, అక్కడ పశువులు మేస్తాయా? మేస్తే నాకో మాట. సీసపు గుండ్లు పడ్డ చేలో గడ్డి కోసి పాతర వేస్తే అది పులిసే ఆమ్లంలో సీసం కరుగుతుంది. ఆ పాతర గడ్డి తిని పశువులకి సీసం విషం ఎక్కిన కేసులు రికార్డయి ఉన్నాయి. ఆవులకి చూపు పోతుంది, పళ్లు నూరుతాయి, గోడకి తల ఆనించి నిలబడిపోతాయి. అప్పటికి చాలావరకు చేయి దాటిపోతుంది. పక్షులదింకో రకం. కందనకాయలో అరుగుదలకి రాళ్లు మింగుతాయి కదా, గుండ్లని రాళ్లనుకుని మింగేస్తాయి. అమెరికాలో నీటిపక్షుల వేటకి 1991లోనే సీసపు గుండ్లు ఆపేశారు. యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల దగ్గర 2023 ఫిబ్రవరి నుంచి నిషేధం.

క్లేలు కూడా తారు లాంటి పదార్థంతో చేస్తారు. పగిలిన పెంకులు పందులు నమిలితే కాలేయం పోతుంది.

క్లేపిట్ట
నాకు పందుల సంగతి తెలీదు. పెంకులు ఏరించాలి అయితే. పశువులని ఇప్పటికే ఆ వైపు పోనివ్వట్లేదు.

కుడిచెవి_తక్కువ
తూటా ఎక్కడికి పోయిందో మాట్లాడుతున్నారు, చప్పుడు ఎక్కడికి పోతోందో ఎవరూ అడగలేదు. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క పేలుడు చాలు చెవికి దెబ్బ తగలడానికి. .22 రైఫిల్ దాదాపు ఆ గీత దగ్గర ఉంటుంది, పెద్ద రైఫిళ్లు 160 దాటతాయి. నేను ఇరవై ఏళ్లప్పుడు "ఆరు బయటే కదా" అని చెవులకేమీ పెట్టుకోకుండా కాల్చాను. ఇప్పుడు కుడిచెవిలో రాత్రిళ్లు కీచురాయి. ఆగదు. లోపలి చెవిలో ఆ సన్నటి కణాలు పోతే మళ్లీ పుట్టవు. చెవిలో ప్లగ్గులు పెట్టి పైన చెవి మొత్తం మూసే మఫ్స్ కూడా పెట్టండి. పక్కన చూడ్డానికొచ్చిన పిల్లలకి ముందు పెట్టండి.

పొరుగింటివాడు
హమ్మయ్య, చప్పుడు మాట వచ్చింది. మాకు అసలు బాధ అదే. గంటసేపు వరసగా పేలితే పర్వాలేదు, ఆగి ఆగి, ఎప్పుడు పేలుతుందో తెలియకుండా ఉంటే ప్రాణం మీదకొస్తుంది. మా కుక్క మంచం కిందికి పోతుంది, నేనూ పోదామనుకుంటాను. ఒక మెసేజీ పెడితే ఏం పోతుంది? "ఫలానా టైముకి మొదలు, ఫలానా టైముకి ఆపేస్తాం" అని.

కుడిచెవి_తక్కువ
న్యాయమే. ఇంకో చిట్కా. గాలిలో చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. దానికంటే నెమ్మదిగా పోయే .22 తూటాలు దొరుకుతాయి. అవి వాడితే తూటా వెంట వచ్చే ఆ కొరడా చప్పుడు ఉండదు. 50 మీటర్ల కాగితానికి అవి బాగానే సరిపోతాయి, చాలామంది పోటీలకి వాడేవి కూడా అలాంటివే.

ఎయిర్‌గన్_అత్తయ్య
ఇంత తలనొప్పి ఎందుకు, ఎయిర్ రైఫిల్ పట్టండి. 10 మీటర్లు, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెన్నుతో కాగితం మీద పెట్టిన చుక్కంత. అది తగిలించి చూపించండి, అప్పుడు దూరాల గురించి మాట్లాడదాం. అభినవ్ బింద్రా 2008 బీజింగ్ బంగారం ఆ పది మీటర్లలోనే కొట్టాడు, ఇంటి దగ్గర కట్టుకున్న రేంజిలో సాధన చేసి. అయితే ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు. పెల్లెట్ కూడా కొన్ని వందల మీటర్లు పోతుంది, దగ్గర్నుంచి కన్ను తీసేస్తుంది. దానికీ వెనక అడ్డు కావాలి, కళ్లద్దాలు కావాలి.

గురితప్పినోడు
నేను వెనకాల పాత టైర్లు నిలబెట్టాను. రబ్బరే కదా, ఆపుతుంది.

మట్టికట్ట
వద్దు. ఇవాళే తీసెయ్యండి. ఖాళీ టైరుకి తగిలి తూటా మీ వైపే తిరిగి రావచ్చు. లోపల మట్టి గట్టిగా కూరితే సరే, కానీ అప్పుడు పని చేసేది మట్టి, టైరు కాదు.

గురితప్పినోడు
మరి ఇనప పలక? టంగ్ మని మోగుతుంది, ఆ సరదా కాగితానికి రాదు.

మట్టికట్ట
మామూలు ఇనుము వద్దు. గుంట పడుతుంది, ఆ గుంటలో పడ్డ తర్వాతి తూటా ముక్కలు సూటిగా వెనక్కి వస్తాయి. టార్గెట్ల కోసమే చేసిన గట్టి ఉక్కు ఉంటుంది, అది వాడండి. పై అంచు ముందుకి వంచి వేలాడదీస్తే ముక్కలు నేలకి పోతాయి. పిస్టలైతే కనీసం 10 మీటర్లు, పెద్ద రైఫిలైతే 100 మీటర్లు దూరం. పలక మీద వేలితో తడిమితే నున్నగా ఉండాలి, చిన్న గుంట తగిలినా పక్కన పెట్టెయ్యండి.

రూల్స్_రామం
పేలే టార్గెట్ల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను, ఎండిన గడ్డి దగ్గర వద్దు. 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో పుట్టబోయేది ఆడో మగో చెప్పే వేడుకకి ఒకాయన అలాంటి టార్గెట్ కాల్చాడు. దాదాపు 47 వేల ఎకరాలు తగలబడ్డాయి. కాల్చింది అక్కడి రాష్ట్ర ప్రభుత్వ నేలలో.

లెక్కలమాస్టారు
పేలేవే అక్కర్లేదు. 2013లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు రైఫిల్ తూటాలు ఉక్కు పలకకి కాల్చి చూశారు. పగిలిన ముక్కలు ఎండిన పీట్ (కుళ్లిన నాచు పొడి) మీద పడి నిప్పంటుకుంది. ఉక్కు గుజ్జున్నవీ, పూర్తి రాగివీ ఎక్కువగా అంటించాయి. ఎండాకాలం బకెట్టు నీళ్లు, పార దగ్గర పెట్టుకోండి.

గురితప్పినోడు
ఉక్కు గుజ్జేంటి మాస్టారూ, మామిడిపండా?

లెక్కలమాస్టారు
లోపల ఉక్కు ఉన్నవి. సరేనా?

పన్నెండెకరాలు
దొరికింది.

టార్గెట్ వెనక ఎనిమిది మీటర్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గట్టి నేల మీద జానెడు గీతలు, వేలితో లాగినట్టు. ఒకటి రెండు కాదు, పాతిక దాకా లెక్కపెట్టి ఆపేశాను. వాటి మధ్యలో సగం పూడిన బండరాయి ఒకటి ఉంది, పైకి గుప్పెడంత కనబడుతుంది. దాని నెత్తిన సీసం రాసుకున్న బూడిదరంగు మరక. పెన్సిల్‌తో దిద్దినట్టు మెరుస్తోంది. రాయి కుడివైపుకి ఏటవాలుగా ఉంది. దాని మీద కన్ను ఆనించి చూస్తే చెట్ల సందులోంచి పెద్దాయన షెడ్డు రేకు కనబడుతోంది.

రెండేళ్లు ఆ రాయి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లి కాగితాలు మార్చుకొచ్చాను.

రామం గారూ, మీ సలహా బుర్రకెక్కింది గానీ పాటించలేదు. నేరుగా వెళ్లి "నాదే" అని చెప్పాను.

రూల్స్_రామం
సరే. మనిషిని చూసి చేశారు. అందరితో ఇలా కుదరదు.

పొరుగింటివాడు
ఏమన్నాడు?

పన్నెండెకరాలు
"నాకు తెలుసులే" అన్నాడు. షెడ్డులో మోటారు వేయడానికి ఆయన పొద్దున ఆరింటికి వస్తాడట. నేను ఏడింటికి మొదలుపెడతాను. ఆ గంట గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు. కట్ట ఎలా వేయాలో చెప్పండి ఎవరైనా, అది అయ్యేదాకా రైఫిల్ బీరువాలోనే.

మట్టికట్ట
టార్గెట్‌కి వెనక రెండు మీటర్లలోపే కట్ట ఉండాలి. దూరం పెరిగేకొద్దీ కట్ట ఎత్తు పెరగాలి, అందుకే దగ్గర. మీ .22కి మూడు మీటర్ల ఎత్తు వేయండి, టార్గెట్‌కి రెండు పక్కలా బారెడు బారెడు ఎక్కువ ఉండేలా. మీ వైపు ముఖం వీలైనంత నిటారుగా. పల్చగా వాలితే మళ్లీ పాత కథే. ముందువైపు అర మీటరు మందం రాళ్లు ఏరేసిన మట్టి, జల్లెడ పట్టినా తప్పులేదు. పైన గడ్డి మొలవనివ్వండి, లేకపోతే రెండు వానలకి సగం జారిపోతుంది.

పడుకుని కాల్చడం మానక్కర్లేదు, కానీ కాల్చే చోటు ఒక్కటే పెట్టుకోండి. కట్ట ఎత్తు ఆ చోటికి సరిపోయేలా వేస్తాం, పది అడుగులు వెనక్కి జరిగితే ఆ లెక్క మారిపోతుంది. ఇంకొకటి, టార్గెట్ ఎప్పుడూ ఒకే చోట పెడితే దాని వెనక మట్టిలో సీసం పేరుకుని ముద్ద కడుతుంది. తర్వాతి తూటా మట్టికి కాదు, ఆ సీసానికి తగిలి చిట్లుతుంది. అప్పుడప్పుడు తవ్వి తీసెయ్యాలి.

పశువులడాక్టరు
తవ్వేటప్పుడు చేతికి గ్లోవ్స్, ముఖానికి మాస్కు. ఇంటికి రాగానే చేతులు చల్లనీళ్లతో సబ్బు పెట్టి కడగండి. నేల ఆమ్లంగా ఉంటే సున్నం చల్లండి, సీసం కరిగి నీళ్లలోకి దిగకుండా ఉంటుంది. బావి పక్కన కట్ట వేయకండి.

పన్నెండెకరాలు
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. కట్ట అయింది. 3 మీటర్ల 20. బండరాయిని తవ్వించి తీయించాను, పైకి గుప్పెడే గానీ లోపల గంగాళమంత ఉంది. పెద్దాయన షెడ్డుకి కొత్త రేకు వేయించాను. పాత రేకు ఇవ్వమంటే ఇచ్చాడు, సీసపు ముద్ద మాత్రం ఇవ్వలేదు. షెడ్డులో స్విచ్చు బోర్డు కింద చిన్న గూడుంది, అందులో పెట్టాడు. నేను వెళ్లినప్పుడల్లా కనబడుతుంది. మొదలుపెట్టే ముందు ఫోన్ చేస్తున్నాను, తీసి "ఊఁ" అని పెట్టేస్తాడు.

గురితప్పినోడు
అదంతా సరే, స్కోరెంత?

పన్నెండెకరాలు
ఇరవైకి పంతొమ్మిది కాగితంలో. ఇరవయ్యోది కట్టలోనే ఉంది, వెళ్లి వేలు పెట్టి చూసొచ్చాను.